గండు చీమల గడప

లసుమవ్వ నోటికి తాళం లేదని ఆర్మూర్ మార్కెట్ యార్డు వెనక గల్లీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట ఆమె ముందే అన్నా కోపం తెచ్చుకోదు. "ఉన్నదున్నట్టు మాట్లాడుత. కడుపుల ఒకటి, నోట్ల ఒకటి నాకు రాదు" అంటుంది. ఉన్నది ఉన్నట్టు మాట్లాడితే ఎవరికీ బాధ లేదు. లేనిదాన్ని కూడా ఉన్నట్టే, అంతే గట్టిగా మాట్లాడుతుందే, దానితోనే వచ్చింది చిక్కంతా.

ఆమె పుట్టింది ఏర్గట్లలో. చిన్న వయసులోనే ఆర్మూర్ కోడలై వచ్చింది. భర్త నడిపయ్య యార్డులో హమాలీ. ఆయన బస్తాలు మోస్తుంటే ఆమె ఒక సేటు షెడ్డులో పసుపు ఏరేది. కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి మండ దుంపలు ఒక కుప్ప, పుచ్చినవి ఇంకో పక్కకు. ఏండ్ల తరబడి అదే పని. ఒక కొమ్మును తీసుకుని ఫట్టున విరిచి, ఆ చప్పుడు విని, లోపలి రంగు చూసి "గిది వేల్పూర్ దిక్కుది, గిది మోర్తాడ్ దిక్కుది, గీన్ని సరిగ్గ ఉడకవెట్టలె" అని తేల్చేసేది. చెప్పిన వాటిలో సగం నిజమయ్యేవి. మిగతా సగం సంగతి ఎవరూ పోయి కనుక్కోలేదు కాబట్టి అవి కూడా నిజాల్లోనే కలిసిపోయాయి. పసుపు విషయంలో లసుమవ్వ మాటకు ఎదురు లేదని షెడ్డు షెడ్డంతా పేరు పడింది. అంత పేరు పడ్డాక ఏ మనిషైనా నేల మీద నడుస్తుందా?

ముక్కు మాత్రం ఆమెకు ఎప్పుడో మొద్దుబారిపోయింది. పసుపు దుమ్ము పీల్చి పీల్చి వాసన తెలియడం మానేసింది. పొయ్యి మీద కూర మాడినా పక్కవాళ్లు కేకేసి చెప్పాలి. ఇక రంగు సంగతంటారా, ఆమె చీర పసుపు, మడమలు పసుపు, కూర్చునే చాప పసుపు, బట్టలారేసే దండెం కూడా పసుపు. ఇంట్లో ఏ మూల పసుప్పచ్చ పొడి కనబడినా అదేమిటని చూడాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు.

గడపకు పసుపు రాయడం అందరూ చేసేదే. శుక్రవారం గడప కడుగుతారు, పసుపు పూస్తారు, కుంకుమ బొట్లు పెడతారు. లసుమవ్వకు ఒక్క శుక్రవారం సరిపోలేదు. షెడ్డు ఊడిస్తే మిగిలే పసుపు చూరను ఏరే ఆడవాళ్లు ఇంటికి తెచ్చుకుంటే సేటు ఏమీ అనడు. ఒళ్లో అంత పసుపు ఉన్నాక పిసినారితనం ఎందుకని, ఆమె రోజూ పొద్దున్నే గడప మీద రెండు చెంబుల నీళ్లు కుమ్మరించి, రుద్ది కడిగి, చిక్కటి పసుపు ముద్దను గడపకూ దర్వాజ నిలువు కట్టెల మొదళ్లకూ మెత్తేది. "నా గడప సూడున్రి, పెండ్లిపిల్ల పాదాల లెక్క ఉంటది" అని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చూపించేది. గల్లీ మొత్తం మీద ఆ గడప నిజంగానే అందంగా ఉండేది, కాదనడానికి లేదు.

ఇల్లు నడిపయ్య కట్టింది. మట్టి గోడలు, పైన పెంకులు, ముందు వసారా. వసారాలోకి పక్కపక్కనే రెండు దర్వాజలు. ఒకటి లసుమవ్వ ఉండే వైపు, ఇంకొకటి కిరాయికి ఇచ్చే అర్రది. రెండు దర్వాజల కట్టె, గడపలతో సహా, ఏర్గట్లలో ఆమె తండ్రి పొలం గట్టు మీద కొట్టిన ఒకే వేపచెట్టుది. చేసింది కూడా ఒకే వడ్రంగి, నడిపయ్య స్నేహితుడు లక్ష్మీనర్సయ్య. ఆ తర్వాత నడిపయ్య గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. ఎందుకు లేరని దేవుణ్ని అడిగినంత అడిగి, ఇక అడగడం మానేసి, లసుమవ్వ ఆ రెండో అర్రను కిరాయికి ఇస్తూ, పసుపు ఏరుకుంటూ బతుకుతోంది.

ఆ అర్రలోకి జయరాజ్, సువర్ణ వచ్చారు. జయరాజ్ పాత బస్టాండు దగ్గర మోటార్ల వైండింగ్ షాపులో పనిచేసేవాడు. సువర్ణ ఇంట్లోనే మిషన్ కుట్టేది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ తెల్లటి బట్టలు కట్టుకుని చర్చికి పోయేవారు. "మేము గడపకు పసుపు పెట్టమవ్వా, ఏమనుకోవద్దు" అని వచ్చిన మొదటి రోజే సువర్ణ చెప్పింది. "నీ గడప నీ ఇష్టం. అర్ర మంచిగుంచుకుంటె సాలు" అంది లసుమవ్వ. ఆమె అప్పుడు మనస్ఫూర్తిగానే అంది.

సువర్ణ మాట మెత్తన. లసుమవ్వ షెడ్డు నుంచి వచ్చేసరికి వేడినీళ్లు పెట్టి ఉంచేది. కూర మాడే వాసన వస్తే గోడ అవతల నుంచి "అవ్వా, పొయ్యి" అని ఒక్క మాట అనేది. ఆ పిల్ల నెల తప్పిందని తెలిసిన రోజు లసుమవ్వ నడక మారిపోయింది. సువర్ణకు తల్లి లేదు. పురుడు ఎవరు పోస్తారు, ఎక్కడికి పోవాలి అని ఆ పిల్ల బెంగ పెట్టుకుంటే లసుమవ్వ కసురుకుంది.

"అవ్వ లేదు, అవ్వ లేదు అంటవేంది? నేను సచ్చిన్నా? దవాఖానల కాన్పయినంక సక్కగ గీ ఇంటికే తెస్తవు. పురుడు నేను పోస్త, నీళ్లు నేను పోస్త. నీకేం ఫికర్?"

జయరాజ్ ఆ మాట పట్టుకుని అర్ర దూలానికి ఉయ్యాల కోసం ఇనుప కొక్కెం కూడా కొట్టించాడు. లసుమవ్వ పెట్టె అడుగున ఉన్న మెత్తటి పాత చీరలన్నీ తీసి ఉతికి మడతపెట్టింది. షెడ్డులో కూర్చుని "మా ఇంట్ల పురుడున్నదే, జల్ది పనిగానియ్యున్రి" అనడం మొదలుపెట్టింది. ఆ ఇంటి గడప దాటి ఒక పసిబిడ్డ లోపలికి రావాలన్నది ఆమెకు పెండ్లయిన నాటి కోరిక. తన కడుపున కాకపోతేనేం, తన గడప మీదుగానే కదా వచ్చేది అనుకుంది.

ఇంతలో చీమలు పట్టాయి.

పసుపు సీజను జోరు మీద ఉన్న రోజులు, ఎండలు ముదురుతున్నాయి. ఒక సాయంత్రం సువర్ణ చక్కెర డబ్బా మూత తీస్తే లోపల గండు చీమలు. చక్కెరకు పట్టే చిన్న ఎర్ర చీమలు కావివి. నల్లగా నిగనిగలాడుతూ, ఒక్కోటి చిటికెన వేలి గోరంత పొడుగు. నలిపితే పటుక్కుమంటాయి, కరిస్తే దద్దురు లేస్తుంది. వసారా గోడ వెంట ఒకదాని వెనక ఒకటి, రెండు గడపల మధ్య రాకపోకలు పెట్టుకున్నాయి. లసుమవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ బారును అటూ ఇటూ చూసి తీర్పు చెప్పేసింది.

"గీ చీమలు మీ అర్రకెల్లే వస్తున్నయి."

"లేదవ్వా, మీ దర్వాజ కాడికెల్లి వస్తున్నట్టున్నయి. గాడ సూడు, మొదట్లకు పోతున్నయి" అంది సువర్ణ.

"పిస్సదానివా? నా గడపకు జానెడు మందం పసుపున్నది. పసుపు దాటి చీమ వస్తదా?"

ఆ లెక్క ఆమెకు తిరుగులేనిదిగా తోచింది. చీమ పసుపు దాటదు. తన గడపకు పసుపు ఉంది. వాళ్ల గడపకు లేదు. మరి చీమలు ఎక్కడినుంచి వచ్చినట్టు? చిన్న పిల్లను అడిగినా చెబుతుంది. మరునాడు షెడ్డులో ఈ ముచ్చట పెడితే, పక్కన కూర్చుని పసుపు ఏరే రత్నవ్వ ఆజ్యం పోసింది. "గాళ్ల గడప ఖుల్లా ఉన్నట్టే గద లసుమక్కా. చీమలకు తొవ్వ ఇచ్చినట్టే" అంది. అప్పటికి లసుమవ్వకు కోపం లేదు. పిల్లకు తెలియదు, చెప్పాలి అనుకుంది, అంతే.

తన వైపు నుంచి ఆమె చేయగలిగినదంతా చేసింది. పసుపు మెత్తడం పొద్దున్నతో ఆపక సాయంత్రం కూడా మొదలుపెట్టింది. దర్వాజ మొదట్లో ఎక్కడ సందు కనబడితే అక్కడ తడి పసుపు ముద్దను వేలితో కుక్కింది. మధ్యాహ్నానికి ఎండి పగిలితే మళ్లీ నీళ్లు చల్లి సరిచేసింది. ఇంత చేసినా చీమలు తగ్గకపోగా పెరిగాయి. పెరిగినకొద్దీ ఆమె చూపు పక్క గడప మీదికి పోసాగింది. బొట్టూ రంగూ లేకుండా, ఎండిన కట్టె ఎండినట్టే ఉన్న ఆ గడపను చూస్తే, దొంగలకు తలుపు తీసిపెట్టినట్టే అనిపించింది ఆమెకు.

వసారా ఊడ్చేది సువర్ణ. నిండు నెలలకు దగ్గరపడుతున్నా ఆ పని మానలేదు. ఒకరోజు పొద్దున చీపురు పక్కన పెట్టి, లసుమవ్వ దర్వాజ మొదట్లో ఉన్న పసుప్పచ్చ పొడి కుప్పను చేతిలోకి తీసుకుంది.

"అవ్వా, గిది రోజు పడుతున్నది. ఊడిస్తె మల్ల తెల్లారెవరకు గింత కుప్ప అయితున్నది. గిది పసుపు కాదనిపిస్తంది. కట్టె పొట్టు లెక్క ఉన్నది. చీమలు దర్వాజను తొలుస్తున్నయేమో ఒకసారి సూపియ్యరాదు?"

లసుమవ్వ అప్పుడే షెడ్డుకు బయలుదేరుతోంది. ఆగింది. ఆ పొడిని చూడాలని కూడా ఆమెకు తోచలేదు. చూస్తే ఏమున్నది, పసుప్పచ్చగానే ఉంది. ఎండిన పసుపు రాలదా? ఆమెను కుట్టింది పొడి కాదు, మాట. పసుపు కాదు అన్న మాట, అదీ తనతో అన్న మాట. జన్మలో ఎవరూ ఆమెకు పసుపు గురించి చెప్పలేదు.

"పసుపేందో, ఏది కాదో నువ్వు చెప్తవా నాకు? పొద్దుగాల లేస్తె పసుపుల, పంటె పసుపుల బతుకుతున్న. గడపకు ఇంత పసుపు వెట్టనోళ్లు నాకు పసుపు చెప్పుడు మంచిగనే ఉన్నది."

సువర్ణ ముఖం మాడిపోయింది. చేతిలో పొడిని మెల్లగా కింద పోసి, ఊడ్చి, లోపలికి పోయింది. ఆ రోజు సాయంత్రం కూడా వేడినీళ్లు పెట్టింది గానీ మాట్లాడలేదు.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. లసుమవ్వ ఊరుకునే రకమైతే ఈ కథే లేదు. వచ్చిన ఆదివారం వాళ్లిద్దరూ చర్చికి పోగానే ఆమె తన చెంబూ పసుపు గిన్నే తెచ్చి, వాళ్ల గడపను కడిగి, తన గడపకు మెత్తినట్టే మెత్తింది. బొట్లు కూడా పెట్టింది. పాడు చీమలు పోవాలని, పుట్టబోయే బిడ్డను కరవకూడదని చేశానని ఆమె తనకు తాను చెప్పుకుంది. అది కొంత నిజమే. తన మాటే నెగ్గాలన్నది మిగతా కొంత.

ఎండలో నడిచివచ్చిన జయరాజ్ గడప ముందు ఆగాడు. సువర్ణ చేయి పట్టుకుని వసారాలో కూర్చోబెట్టాడు. లోపలినుంచి పాత గుడ్డ తెచ్చి, కింద కూర్చుని, గడప మీది పసుపంతా తుడిచి, మళ్లీ పొడి గుడ్డతో ఇంకోసారి తుడిచాడు. అరవలేదు, కసరలేదు.

"మాకు వద్దని మొదలే చెప్పినం గద అవ్వా. నీ గడపను మేమెన్నడన్న ముట్టినమా?" అన్నాడు.

తప్పు చేసినవాళ్లకు ఎదుటివాడు అరవకపోతే ఇంకా ఉక్రోషం వస్తుంది. లసుమవ్వకు ఒళ్లు మండిపోయింది.

"నీ గడప ఏంది? ఇల్లు నాది, గడప నాది. నా ఇంట్ల ఉండాలె అంటె నేను చెప్పినట్టు ఉండాలె. ఇష్టం లేకుంటె మీ తొవ్వ మీరు సూసుకోవచ్చు."

అన్నాక ఆ మాట ఎక్కువైందని తెలిసింది. వెనక్కి తీసుకుందామా అనుకుంది. కానీ నోటికి ఆ అలవాటు లేదు. నిండు చూలాలిని పెట్టుకుని ఎక్కడికి పోతారులే, రెండు రోజులైతే అన్నీ సర్దుకుంటాయిలే అనుకుని లోపలికి పోయి పడుకుంది.

వాళ్లు సర్దుకోలేదు, సామాను సర్దారు. ఆ వారంలోనే జయరాజ్ ఊరి పక్కనే ఉన్న పెర్కిట్‌లో ఒక అర్ర చూసుకున్నాడు. పోయే రోజు లసుమవ్వ కావాలనే పొద్దుటే షెడ్డుకు పోయి, పొద్దుగూకేదాకా కొమ్ములు విరుచుకుంటూ కూర్చుంది. "పోతె పోనియ్యి, చీమల పీడ పోతది" అని రత్నవ్వతో అంది. ఇంటికి వచ్చేసరికి రెండో దర్వాజకు తాళం, వసారా శుభ్రంగా ఊడ్చి ఉంది. తాళం చెవి ఆమె కిటికీలో పెట్టి పోయారు. పొయ్యి మీద వేడినీళ్లు లేవు. ఆ రాత్రి అన్నం వండుకోబుద్ధి కాలేదు.

చీమల పీడ పోలేదు. ఖాళీ అర్రలో చక్కెర డబ్బా లేదు, బియ్యం గింజ లేదు, మనిషి లేడు. అయినా గండు చీమలు సాయంత్రం కాగానే బారులు కట్టాయి. ఈసారి లసుమవ్వ గూట్లో బెల్లం మీదికే వచ్చాయి. ఆమె రెట్టింపు పసుపు మెత్తింది. దర్వాజ మొదట్లో పొడి కుప్ప రోజూ పడుతూనే ఉంది. ఇప్పుడు ఊడ్చేది తానే కాబట్టి అది ఎంత పడుతోందో ఆమెకు తెలిసి వచ్చింది. అయినా చీపురుతో నెట్టేసి, చూడనట్టే లోపలికి పోయేది.

మిరుగు కార్తె వచ్చింది. మొదటి వాన పడి వెలిసిన సాయంత్రం లసుమవ్వ వసారాలో కూర్చుని ఉంది. దర్వాజ నిలువు కట్టెకు, మోకాలెత్తున ఉన్న చిన్న చీలికలోంచి ఒక రెక్కల చీమ బయటికి వచ్చింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే పదులూ వందలూ, రెక్కలున్న గండు చీమలు కుప్పలుగా బయటపడి, గోడకు పాకి, గాలిలోకి లేచాయి. వాటితో పాటు రెక్కలు లేనివీ పొర్లి వచ్చాయి. పుట్ట పగిలినట్టు ఆమె పసుపు మెత్తిన దర్వాజ పగిలింది. లసుమవ్వ లేచి పోయి పొయ్యిగూట్లోని ఇనుప ఊచ తెచ్చి, దర్వాజ మొదట్లో పసుపు పట్టిన చోట పొడిచింది.

ఊచ పిడికిలి దాకా దిగబడింది. పెరుగులో దిగినట్టు దిగింది. లాగితే వెంట పసుప్పచ్చ పొట్టూ, తెల్లటి గుడ్లూ వచ్చాయి. గడపను పొడిస్తే అదీ అంతే. పైన పసుపు పెచ్చు తప్ప లోపల కట్టె లేదు. అంతా డొల్ల, గదులు గదులుగా నున్నగా తొలిచిన చీమల ఇల్లు.

ఆమె కింద కూర్చుని ఆ పొట్టును అరచేతిలో వేసుకుంది. రెండు వేళ్లతో నలిపింది. పసుపు నలిపితే వేళ్లకు పూసుకుంటుంది. ఇది పూసుకోలేదు, గరగరలాడుతూ జారిపోయింది. ఒక్కసారి, ఒక్కసారి ముట్టుకుని ఉంటే తెలిసేది. పసుపు నీళ్లలో తడిసి తడిసి రంగు పట్టిన కట్టె పొడి అది. లక్ష కొమ్ములు విరిచిన చేయి ఇన్ని నెలలు దాన్ని తాకకుండా తప్పించుకుంది.

తర్వాత ఆమె పక్క దర్వాజ దగ్గరికి పోయి ఆ గడపను కూడా ఊచతో పొడిచింది. ఠంగుమని ఊచ వెనక్కి వచ్చింది. ఇంకో చోట పొడిచింది, మళ్లీ ఠంగుమంది. అదే చెట్టు, అదే వడ్రంగి చేయి, అదే వసారా. జయరాజ్ పొడి గుడ్డతో తుడిచిన గడప రాయిలా ఉంది. లసుమవ్వ అక్కడే, ఆ గడప మీదే కూలబడి ఏడ్చింది. చీమలు పట్టినందుకు కాదు. చెవిలో చెప్పినట్టు మెత్తగా చెప్పిన పిల్లను ఆ నోటితోనే బయటికి నెట్టినందుకు ఏడ్చింది.

మరునాడు లక్ష్మీనర్సయ్యను పిలిపించింది. ఆయన ముసలివాడైపోయాడు గానీ చూడగానే సంగతి పట్టాడు.

"గివి చెదలు కాదు వదినె. చెద కట్టెను తింటది. గండు చీమ తినది, నానిన కట్టెను తొలుసుకొని గూడు వెట్టుకుంటది, పొట్టు బయట పారవోస్తది. నువ్వు దినాం నీళ్లు వోసి కట్టెను ఆరనియ్యకపోతివి. పసుపుది తప్పేం లేదు, నీళ్లది."

"నీళ్లది గూడ కాదు నర్సయ్య, నాది" అంది లసుమవ్వ. నర్సయ్యకు ఆ మాట అర్థం కాలేదు, పని చూసుకున్నాడు. పైన మట్టి గోడ బరువంతా ఈ దర్వాజ మీదే నిలబడిందని, అప్పటికే గోడ బీటలు వారిందని చూపించి, అది పడకుండా దుంగలతో పోటు పెట్టాడు. దర్వాజ మొత్తం కోసి తీసి, గూడున్న ముక్కలన్నీ బయటికి మోసి కాల్చేయాలన్నాడు. కొత్త దర్వాజకు కింద కట్టె వద్దు, బండ గడప వేద్దాం అన్నాడు. శుక్రవారం పసుపు పెట్టుకోవచ్చు, తుడుచుకుని ఆరనివ్వాలి, అంతే అన్నాడు.

దర్వాజ పీకిన చోట నాపరాళ్లు అడ్డం పెట్టారు. పని అయ్యేదాకా లసుమవ్వ ఖాళీ అర్రలో ఉండాల్సి వచ్చింది. పొద్దున షెడ్డుకు పోతూ, సాయంత్రం వస్తూ ఆ పసుపు లేని గడపనే దాటింది. వెల్లకిలా పడుకుంటే పైన దూలానికి జయరాజ్ కొట్టించిన ఉయ్యాల కొక్కెం కనబడేది. ఆమె పక్కకు తిరిగి పడుకునేది.

సువర్ణ కానుపు అయిందని, ఆడపిల్ల పుట్టిందని రత్నవ్వ షెడ్డులో చెప్పింది. ఎవరో చెప్పగా విన్నదట. లసుమవ్వ చేతిలో ఉన్న కొమ్ములు కుప్ప మీద పడేసి లేచింది. ఇంటికి పోయి కాళ్లూ చేతులూ మడమలు ఎర్రబారేదాకా తోముకుంది. మడతపెట్టిన పాత చీరల మూట చంకన పెట్టుకుని పెర్కిట్ నడిచింది. తొవ్వ పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూనే పోయింది. వాళ్ల ఇంటి ముందు నిలబడ్డాక ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

జయరాజ్ బయటికి వచ్చాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. లసుమవ్వ గడప బయటే నిలబడి చెప్పింది.

"జయరాజూ, గది పసుపు కాదు కొడుకా, కట్టె పొట్టే. నీ పెండ్లాం చెప్పిందే నిజం. చీమలు నా దర్వాజలనే ఉన్నయి, మీ గడప గట్టిగున్నది. తప్పు నాది. మీ గడప ముట్టుడు ఇంక పెద్ద తప్పు."

జయరాజ్ తల దించుకున్నాడు. లోపలినుంచి నీరసంగా సువర్ణ గొంతు వినబడింది. "అవ్వను గాడనే నిలవెట్టినవేంది? లోపలికి రమ్మను."

పసిపిల్లకు నీళ్లు పోయడానికి ఎవరూ సరిగా దొరకలేదు. పక్కింటామె ఒకరోజు వస్తే ఒకరోజు రావడం లేదు. లసుమవ్వ మూట దించి, ఇంకేమీ మాట్లాడకుండా కొంగు నడుముకు చెక్కి, పొయ్యి వెలిగించింది. కాళ్లు చాచి పీట మీద కూర్చుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. ఒంటికి నూనె రాసి, తల అణిచి, ముక్కు సరిచేసి నీళ్లు పోసింది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చి, సాంబ్రాణి పొగ చూపేసరికి నిద్రపోయింది. అంతకుముందు ఏ పిల్లకూ నీళ్లు పోయలేదని ఆ చేతులకు ఎవరూ చెప్పలేదేమో, తడబడలేదు.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఆర్మూర్ నుంచి పెర్కిట్ నడిచిపోయేది. నీళ్లు పోసి, సువర్ణకు పథ్యం వండిపెట్టి, షెడ్డుకు ఆలస్యంగా చేరేది. సేటు గొణిగితే "గొణుగు, నేను పోయేది పోతనే" అనేది. ఈలోగా కొత్త దర్వాజ నిలబెట్టారు, బండ గడప కూర్చుంది, చీమలు మాయమయ్యాయి. లక్ష్మీనర్సయ్య పని ముగించిన మరునాడు, పిల్లకు నీళ్లు పోస్తూ లసుమవ్వ అడిగింది. ఎన్నడూ ఎవరినీ బతిమాలని మనిషి, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, దర్వాజ మంచిగయ్యింది. మీ అర్ర ఖాళీగనే ఉన్నది, ఎవరికి ఇయ్యలె. ఉయ్యాల కొక్కెం గట్లనే ఉన్నది. వచ్చెయ్యరాదు?"

సువర్ణ మంచం మీద కూర్చుని పాత చీర ముక్కలకు అంచులు కుడుతోంది. సూది ఆపి, కొంచెం ఆలోచించుకుని మాట్లాడింది.

"నీ మీద కోపం లేదవ్వా. ఉంటె పోరిని నీ కాళ్ల మీద పండవెడ్తనా? గని గాడికి రాము. ఆనాడు నువ్వు 'ఇల్లు నాది' అంటివి. నీదే, అబద్ధమేమున్నది? రేపు ఇంకోదానికి నీకు కోపమొస్తది, మల్ల గట్లనే అంటవు. ఆనాడు కడుపుల వెట్టుకొని పోయిన. ఈసారి దీన్ని సంకలేసుకొని పోవాలె. గది నాతోని కాదు. నువ్వు మాత్రం రా, రోజు రా. నీకు వద్దన్నోళ్లు లేరు."

లసుమవ్వ నోరు తెరిచింది. అనను, ఇక ఎన్నడూ అనను అని చెప్పాలనుకుంది. కానీ తన నోటి సంగతి తనకు తెలుసు. చివరి చెంబు నీళ్లు పిల్ల వీపు మీద పోసి, ఒళ్లు తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, తల్లి ఒళ్లో పెట్టింది.

"రేపు నీళ్లు జర ఎక్కువ కాగవెట్టు. తల వోస్త" అని చెప్పి లేచింది.

షెడ్డులో రత్నవ్వ చాప సగం ఖాళీ చేసి జరిగి కూర్చుంది. దర్వాజ సంగతీ, బండ గడప సంగతీ అడిగి, పసుపు కుప్ప ముందుకు నెడుతూ, అసలు సంగతి అడిగింది.

"మరి పోరిని తీస్కొని ఎప్పుడొస్తరట మీ ఇంటికి?"

"రారు."

"గదేంది? ఎందుకు రారు?"

లసుమవ్వ ఒక కొమ్ము తీసుకుంది, విరవకుండానే మంచి కుప్పలో వేసింది.

"నేనే పొమ్మంటి గద" అంది.